ఒక చెవి డ్యూటీది

గుడ్డసంచిలోంచి తీసి నా చేతిలో పెట్టిన తూటాని ఏ ఆలోచనా లేకుండా కుడిచెవి దగ్గరికి తీసుకెళ్లి రెండుసార్లు ఊపాను. కోర్టు హాల్లో ఎవరో నవ్వారు. జడ్జిగారు కళ్లజోడు పైనుంచి చూసి, "ఏం చేస్తున్నారమ్మా?" అన్నారు.

"వింటున్నానండి" అన్నాను. అనేశాక గానీ ఆ మాట ఎంత వింతగా ఉందో నాకు తెలియలేదు.

అవి అడవిపందుల వేటగాళ్ల దగ్గర దొరికిన తూటాలు. మా పోలీసు ఎస్సెల్లార్ రైఫిళ్లలో వాడే రకమే. కాకపోతే ఒకసారి పేలిపోయిన ఇత్తడి గొట్టాల్లో ఎవరో మళ్లీ మందు నింపి, మళ్లీ గుండు బిగించినవి. ముద్దాయి తరఫు లాయరు నన్ను వదల్లేదు.

"నింపినవని మీరెలా చెబుతారు? కొత్తవి కూడా ఇలాగే ఉంటాయి కదా?"

ఉండవని చెప్పాను. మూతి దగ్గర పట్టకారు పళ్ల గుర్తులు చూపించాను. ఐదింటినీ ఊపితే ఐదూ ఐదు రకాలుగా పలుకుతున్నాయన్నాను.

"పలికితే ఏమవుతుంది?"

"మందు సమంగా లేదని అర్థమండి. తక్కువైతే గుండు గొట్టంలోనే ఇరుక్కుపోతుంది. ఎక్కువైతే తుపాకీ కాల్చినవాడి మొహం మీదే పేలుతుంది. ఏది ఏదో వాడికి తెలీదు."

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు?"

"మా ఆర్మరర్ దగ్గర" అన్నాను.

బయటికొస్తే వరండాలో మా పోలీసు లైన్లలోనే పనిచేసి రిటైరైన హెడ్ కానిస్టేబులు ఒకాయన నిలబడి ఉన్నాడు. ఇంకో కేసులో సాక్ష్యానికి వచ్చాడట. నన్ను చూసి, "ఏటమ్మా, అచ్చం ఆయనలాగే సెవికాడ ఎట్టీసినావు" అని నవ్వబోయి ఆగిపోయాడు. "నీకు కబురు తెలీదేటి? ఆయన పోయి మూడ్రోజులయిపోనాది."

ఆయన ఊరికి బస్సు ఎక్కడ ఎక్కాలో అడిగాను.

ఆర్మరర్ అంటే పోలీసు లైన్లలో తుపాకులు బాగుచేసి, తూటాలు భద్రపరిచే మనిషి. మా ఆర్మరర్ పొట్టిగా, నల్లగా, చేతులు మాత్రం పొడుగ్గా ఉండేవాడు. భుజాన ఎప్పుడూ నూనె మరకల తువ్వాలు. మా పేర్లు ఆయనకి అక్కర్లేదు. రైఫిలు మడమ మీద రాసుండే నంబరే మా పేరు. నేను నలభై ఒకటి. నాన్న నౌపడ ఉప్పు మళ్లలో కూలి. ఆదివారం చర్చిలో అందరికంటే ముందు వరసలో కూర్చునే ఇల్లు మాది. అవన్నీ వదిలేసి నన్ను నలభై ఒకటిని చేసినవాడు ఆయనే.

మా ట్రైనింగులో ఫైరింగు రోజున ఆయన ఎడమచెవిలో మాత్రమే దూది పెట్టుకునేవాడు. కుడిచెవి తెరిచే ఉండేది. అలా చేస్తే చెవుడొస్తుందని డాక్టరు తిట్టాడని అందరికీ తెలుసు. ఎవరైనా అడిగితే, "ఒక సెవి నాది, ఒకటి డ్యూటీది" అనేవాడు. మేం వరసగా పడుకుని కాలుస్తుంటే వెనక బల్ల దగ్గర కళ్లు మూసుకుని కూర్చునేవాడు. నిద్రపోతున్నాడని మొదట్లో నవ్వుకునేవాళ్లం. కాల్చడం అయ్యాక లేచి వచ్చి, "ముప్పయ్యారూ, నీ నాలుగో దెబ్బకి ఊపిరి బిగబట్టనేదు" అనేవాడు. ముప్పైయారు బిత్తరపోయేది.

"ఖాళీ తుపాకీ" అన్న మాట ఆయన ముందు అనకూడదు. ఒకమ్మాయి ఒకసారి అంటే ఆ తుపాకీని ఆమె చేత పన్నెండుసార్లు తెరిపించి, పన్నెండుసార్లూ గొట్టంలోకి చూపించి, "ఇప్పుడు సెప్పు, ఏటున్నాది?" అని అడిగాడు. పన్నెండోసారి ఆమె ఏడుస్తూ, "ఏమీ లేదు సార్" అంటే, "అలగ సూసినాక అను. సూడకండా అనకు" అన్నాడు.

అన్నిటికంటే ఎక్కువ ఆయన ప్రాణం తీసేవి ఎంప్టీలు. తూటా పేలాక మిగిలే ఇత్తడి గొట్టాన్ని మేం ఎంప్టీ అంటాం. ఎస్సెల్లార్ ప్రతి దెబ్బకీ దాన్ని తనే కక్కి, తనే కొత్త తూటా ఎక్కించుకుంటుంది. కాలే కాలే ఎంప్టీ కుడిపక్కకి ఎగిరి గడ్డిలోనో, పక్కనున్న మనిషి మెడ మీదో పడుతుంది. ఎన్ని తూటాలిచ్చాడో అన్ని ఎంప్టీలు లెక్కకి రావాలి. ఒక్కటి తగ్గినా ఎవరూ ఫైరింగు రేంజి దాటి వెళ్లకూడదు. ఒక సాయంత్రం మమ్మల్ని మోకాళ్ల మీద పాకించి, వానలో, తుంగలో వెతికించాడు. చివరికి అది ఒకమ్మాయి బూటులో దొరికింది. పడిన సంగతి ఆమెకే తెలీదు. పేలిపోయిన రేకుముక్క కోసం ఈయనకి ఇంత పిచ్చేమిటని ఆ రాత్రి హాస్టల్లో అందరం తిట్టుకున్నాం. నేనూ తిట్టాను.

ఆ తర్వాత రెండు వారాలకి అనుకుంటాను, అది జరిగింది.

కొండవార రేంజిలో ఉదయం తొమ్మిదింటికే ఎండ చురుక్కుమంటోంది. ఐదుగురం పక్కపక్కన బోర్లా పడుకున్నాం. నా కుడిపక్కన ఎస్.కోట అవతల కొండ కింది పల్లె నుంచి వచ్చిన పిల్ల, నలభై రెండు. ఆ రోజు మార్కుల్ని బట్టే ఎవరు పాసో ఎవరు మళ్లీ మొదటికో తేలుతుంది. ఇచ్చిన తూటాలు పాత పెట్టెలోవి. వెనక మాకు కాల్చడం నేర్పే ఉస్తాదు అరుస్తున్నాడు: బేగి, బేగి.

నాలుగు దెబ్బలు బాగా పడ్డాయి. ఐదోదానికి ట్రిగ్గరు నొక్కితే భుజం అదరలేదు. టప్ మని, తడిసిన టపాకాయలాంటి చప్పుడు. అంతే. రైఫిలు ఎంప్టీని కక్కలేదు. కొత్తది ఎక్కించుకోలేదు.

"ఆగిపోతే ఏం చెయ్యాలి? హ్యాండిల్ లాగు! కాల్చు!" ఉస్తాదు నా నెత్తి మీదే ఉన్నాడు.

మాకు నెలల తరబడి నూరిపోసింది అదే. చెయ్యి దానంతటదే హ్యాండిల్ లాగింది. ఎంప్టీ నా మోచేతి పక్కన పడింది. కొత్త తూటా లోపలికెళ్లిన చప్పుడు విన్నాను. గురి చూసి, ఊపిరి బిగబట్టి, వేలు బిగించడం మొదలెట్టాను.

"ఆగండే! ఆగండే!"

వెనకనుంచి అడుగుల చప్పుడు. నా వీపు మీద పెద్ద బరువు పడింది. మొహం దుమ్ములో గుద్దుకుంది. నా వేలు నొక్కుతూనే ఉంది గానీ ట్రిగ్గరు వెనక్కి రావడం లేదు. మెత్తగా ఏదో అడ్డం పడుతోంది. చూస్తే ట్రిగ్గరుకీ దాని వెనకున్న ఇనపకట్టుకీ మధ్య ఆర్మరర్ చూపుడువేలు దూరి ఉంది. నేను ఆయన వేలిని నలిపేస్తున్నాను.

"ఒగ్గీ" అన్నాడు నా చెవిలో. గట్టిగా కూడా కాదు. "నలబైఒకటీ, ఒగ్గీయమ్మా."

వదిలేశాను. ఆయన వేలి గోరు అప్పటికే నల్లబడుతోంది. పక్కవాళ్లందరూ కాల్పులాపి ఇటే చూస్తున్నారు. ఆయన రైఫిలు తీసుకుని, లోపలున్న తూటా బయటికి లాగి, మూతివైపు నుంచి తుడిచే చువ్వని గొట్టంలోకి దించాడు. అది సగం దాకా వెళ్లి ఆగిపోయింది. పొడిచాడు. కదల్లేదు.

"సూసినావా? గుండు ఇక్కడే ఉండిపోనాది. దాని ఎనకాల నువ్వు ఇంకోటి తోల్తన్నావు."

అప్పుడు అర్థమైంది. ఆ రెండో తూటా పేలుంటే గొట్టం నా మొహం దగ్గరే చీలిపోయేది. ఉస్తాదు తెల్లబోయి నిలబడ్డాడు. ఆర్మరర్ ఆ మనిషి వైపు తిరగనైనా లేదు. తువ్వాలుతో వేలు చుట్టుకుని, చువ్వని నా చేతికిచ్చి, "పొడు. నువ్వే పొడిసి సూడు. తెలవాల" అన్నాడు. పొడిచాను, లోపల గట్టిగా ఏదో తగిలి చువ్వ ఆగిపోయింది.

ఆ గందరగోళంలోనే నా మోచేతి పక్కనున్న ఎంప్టీని తీసి జేబులో వేసుకున్నాను. తెలిసే వేసుకున్నాను. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పాలనుకున్నాను. దేవుడు నన్ను ఎలా తప్పించాడో చెబుతూ దాన్ని పైకెత్తి చూపించాలని. ఆ క్షణంలో అదేమీ దొంగతనంలా అనిపించలేదు.

మధ్యాహ్నం లెక్క చూస్తే ఒకటి తక్కువ.

వెతికాం. గడ్డి దువ్వాం, బూట్లు దులిపాం. ఒంటిగంటయింది, రెండయింది. జేబులోది తొడకి గుచ్చుకుంటూ ఉంది. ఇప్పుడు చెబుదాం, ఇప్పుడు చెబుదాం అనుకుంటూనే, చెబితే ఇంటికి పంపేస్తారన్న భయంతో గడ్డి దువ్వుతూ ఉన్నాను. ఆ రోజు రేంజికి పెద్దగా ఉన్న ఇన్‌స్పెక్టరు జీపు దగ్గర్నుంచి లేచి వచ్చాడు. ఇరవై రెండు మందిని వరసగా నిలబెట్టాడు. ఎంప్టీ కుడివైపే పడుతుంది కాబట్టి నా కుడిపక్క పిల్ల ముందు ఆగాడు.

"నీది ఏ ఊరు?"

ఆమె చెప్పింది.

"ఓహో. మీ ఊళ్లో ఇంటికో నాటు తుపాకీ ఉంటుంది కదా? ఎవరు నింపించుకుంటారు, మీ నాన్నా, మీ అన్నా?"

"నాను తియ్యనేదు సార్."

"స్టేషన్‌కి ఫోన్ చేస్తున్నాను. సాయంత్రానికి మీ ఇల్లు తిరగేస్తారు. దొరక్కపోయినా నువ్వు మాత్రం రేపు బస్సెక్కుతావు."

ఆ పిల్ల ఏడవలేదు. ఎదురుగా కొండని చూస్తూ నిలబడింది. ఇన్‌స్పెక్టరు ఫోన్ తీశాడు. అప్పుడు ఆర్మరర్ వైపు చూశాను. ఆయన ఆ పిల్లని గానీ ఇన్‌స్పెక్టర్ని గానీ చూడటం లేదు. నన్నే చూస్తున్నాడు. ఎప్పటినుంచి చూస్తున్నాడో తెలీదు.

ఒక అడుగు ముందుకేశాను. "నా దగ్గరుంది సార్."

ఎంప్టీని అరచేతిలో పెట్టి చాపాను. ఇన్‌స్పెక్టరు దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఆయన నోరు తెరిచేలోగా వెనకనుంచి ఆర్మరర్ మాట వినపడింది.

"నానే ఉంచమన్నాను సార్. సరిగ్గా పేలని తూటాది గదా, యిడిగా రాసి పంపాలని."

"మరి మధ్యాహ్నం నుంచి అందరూ నేల నాకుతుంటే నువ్వేం చేస్తున్నావు?"

"మర్సిపోనాను సార్."

వరసలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. ఆయన మరిచిపోవడమా! ఏ రైఫిలుకి ఏ స్క్రూ ఎప్పుడు మార్చాడో చెప్పగలిగే మనిషి. ఇన్‌స్పెక్టరుకీ అది అబద్ధమని తెలుసు. కానీ అంతమంది ముందు అబద్ధమని తేల్చాలంటే, పొద్దున ఏం జరగబోయి తప్పిందో కూడా కాగితం మీదికి ఎక్కాలి. ఫోన్ జేబులో పెట్టి, ఆర్మరర్‌కి మెమో ఇచ్చి ఊరుకున్నాడు. మూడు నెలలపాటు ఆర్మరీ తాళాలు తీసుకుని ఆయన్ని గేటు సెంట్రీలో నిలబెట్టారు.

వారం రోజులు ఆ గేటు దాటడానికి మొహం చెల్లలేదు నాకు. ఎనిమిదో రోజు వెళ్లాను. ఎండలో నిలబడి ఉన్నాడు. వేలికి ఇంకా కట్టు ఉంది.

"సార్, మీరు నా కోసం..."

"ఆపు. ఎందుకు తీసినావు దాన్ని?"

చెప్పాను. చర్చి, సాక్ష్యం, దేవుడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"దేవుడికి సూపించాలంటే ఉత్త సేతులు సూపించు. ఆయనకి తెలీదేటి?" గేటు అవతలికి చూస్తూ చెప్పాడు. "నానూ తీసినాను. నీ వొయసులోనే. తళతళలాడతాదని ఇంటికి పట్టుకెల్లి మా అన్నకిచ్చినాను. మొక్కజొన్నలో పందులు పడతన్నాయి. కమ్మరోడి సేత గొట్టం సేయించి, ఆ ఎంప్టీలోనే మందు కూరి కాల్సినాడు. ఎనక్కి పేలిపోనాది. రెండు కళ్లూ పోనాయి."

కట్టున్న వేలిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"ఎవులూ నన్ను అడగనేదు. నానూ సెప్పనేదు. అప్పుడు లెక్క సూసినోడు, నా పాపాన, సరిగ్గా సూడనేదు." ఆ తర్వాత నావైపు తిరిగాడు. "నువ్వు ఇరవై మంది ముందర నోరిప్పినావు. అంచేత అబద్దమాడినాను. ఇంకోసారి ఆడను. ఎల్లు."

మూడు నెలల తర్వాత తాళాలు తిరిగి తీసుకున్న రోజున హాస్టలుకి కబురు పెట్టాడు, నలభై ఒకటిని పంపమని. వెళితే నా ముందు ఎంప్టీల బకెట్టు బోర్లించాడు. "లెక్కెట్టు." అక్కడ మొదలైంది నా చదువు. రోజూ ఆయన పక్కన బల్ల మీద కూర్చుని రైఫిళ్లు విప్పడం, తుడవడం, బిగించడం. పట్టుబడిన సరుకు వస్తే, నింపిన తూటాలని ఒక్కొక్కటే చెవి దగ్గర ఊపించి, "ఏటి సెప్తన్నాదది?" అని అడిగేవాడు. తప్పు చెబితే మాట్లాడేవాడు కాదు. సరిగ్గా చెబితే మధ్యాహ్నం తన క్యారేజీలోంచి చోడి అంబలి సగం నా గ్లాసులో పోసేవాడు. ఆ నింపినవాడెవడో మాకు తెలీదు గానీ, వాడి చెయ్యి వణికిందో, వాడు తొందరపడ్డాడో, ఆశపడి ఎక్కువ కూరాడో తూటా పలికేది. ఆయన మొహం అప్పుడు చూడలేకపోయేదాన్ని. వాటిని పక్కన పెట్టాక చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కునేవాడు.

ఆయన రిటైరయ్యేనాటికి కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమది కూడా అంతంతమాత్రమే. సన్మానం సభలో తన గురించి ఏం మాట్లాడారో ఒక్క ముక్క వినకుండా దండ వేయించుకుని వెళ్లిపోయాడు. ఆర్మరీ తాళాలు నా చేతికొచ్చాయి. తర్వాత రెండుసార్లు ఫోన్ చేశాను. వినపడక, "ఆఁ? ఆఁ?" అని పెట్టేశాడు. వెళదాం వెళదాం అనుకుంటూనే ఏళ్లు గడిచిపోయాయి.

కోర్టు నుంచి అటే బస్సెక్కాను. శ్రీముఖలింగం దగ్గర్లో, వంశధార ఒడ్డున ఆయన ఊరు. అడిగితే ఇల్లు చూపించారు. రెండు గదుల పెంకుటిల్లు. ఆయన భార్య లోపల ఆడవాళ్ల మధ్య గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి తలాడించింది. మాట్లాడే ఓపిక లేదామెకి. వరండాలో నులకమంచం మీద ఒక ముసలాయన. నుదుటినుంచి ముక్కుదాకా మొహమంతా ముడతపడిన మచ్చ. కళ్లుండాల్సిన చోట రెండు సొట్టలు.

"ఎవులది?"

"నేను పోలీసు లైన్ల నుంచి వచ్చానండి. ఆయన దగ్గర పని నేర్చుకున్నాను."

"నలబైఒకటివేటి?" అన్నాడు. మంచం మీద పక్కకి జరిగాడు. "రా, కూకో. నీ గురించి సెప్పీవోడు. లెక్క తప్పదంట గదా నీకు."

కూర్చున్నాను. పోయిన మనిషి గురించి మంచి చెప్పాలి కాబట్టి చెప్పాను. "మీకు జరిగినదాని గురించి జీవితమంతా బాధపడ్డారండి. ఆ ఎంప్టీ మీకివ్వకుండా ఉండాల్సిందని."

ముసలాయన తల గిర్రున నావైపు తిరిగింది. "ఇచ్చినానని సెప్పినాడా నీకు కూడా?"

"అవునండి."

"ఆడు నాకివ్వనేదమ్మా. పెట్టెలో దాసుకుని తాళమేసుకున్నాడు. శీల విరగ్గొట్టి నానే తీసినాను. నా కొవ్వు కొద్దీ నానే కాల్సుకున్నాను." మోకాలి మీద అరచేత్తో చరుచుకున్నాడు. "ఎన్నిమాట్లు సెప్పినానో. ఒట్టేసి సెప్పినాను. నా మీద జాలికొద్దీ అబద్దమాడతన్నావని ఆడు ఇన్నేదు. తరవాతర్వాత అరిసి సెప్పినా ఆడికి ఇనపడనేదు. ఆకరికి ఆ మాటే నమ్ముకుని సచ్చిపోనాడు, ఎర్రెదవ."

లోపల ఎవరో ఏడుపు అందుకున్నారు. అది ఆగేదాకా ఆయన మంచంపట్టె పట్టుకుని ఊగుతూ ఉన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అమ్మీ, ఒక సంగతి అడుగుతాను. నాను మరదల్ని అడగనేను, బాగోదు. ఆడు నిన్నమొన్న ఎలగున్నాడు? మొకం? నాను సూసినప్పుడు ఆడికి ఇరవయ్యే. ఇంకా ఆ గుంటడి మొకమే అగుపడతాది నాకు. ఆడు నాకు బువ్వెడతంటే ఆ గుంటడే ఎడతన్నట్టుండీది."

ఏళ్లుగా నేనూ చూడలేదు. కానీ గోడకి దండ వేసిన కొత్త ఫోటో ఎదురుగానే ఉంది. దాన్ని చూస్తూ, గుర్తున్నది కలుపుతూ చెప్పడం మొదలెట్టాను. జుట్టు ముందువైపు పూర్తిగా ఊడిపోయిందని, చెవుల పైన మాత్రం తెల్లగా ఉంగరాలు తిరిగి ఉందని. కనుబొమ్మలు గుబురుగా పెరిగి కళ్ల మీదికి పడుతున్నాయని. బుగ్గలు లోపలికి పోయి దవడ ఎముకలు కనిపిస్తున్నాయని. కింది పెదవి కొంచెం ఎడమకి లాగి ఉంటుందని, ఏదైనా వింటున్నప్పటిలా.

ముసలాయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ఒక్కో మాటకీ తలాడిస్తూ విన్నాడు. నేను ఆపాక కూడా చాలాసేపు తలాడిస్తూనే ఉన్నాడు.

"అయితే," అన్నాడు మెల్లగా, "ఆకరికి మా అయ్యలాగ అయిపోనాడన్నమాట."